సిసిల్ కింబర్

సిసిల్ కింబర్ (ఏప్రిల్ 12, 1888 - ఫిబ్రవరి 4, 1945) ఇంగ్లాండుకు చెందిన మోటారు కార్ల రూపకర్త, పారిశ్రామిక నిర్వాహకుడు. ఎం.జి. అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్పోర్ట్స్ కార్లకు ఇతడే మూలపురుషుడు. అంతవరకు ధనవంతులకే పరిమితమై ఉన్న స్పోర్ట్స్ కారును సాధారణ ఉద్యోగస్థుడు కూడా కొనగలిగే ధరకు తీసుకువచ్చిన వారిలో కింబర్ ముఖ్యుడు. 1928లో ఇతని ఆధ్వర్యంలో వెలువడిన ఎం.జి. మిడ్జెట్ కారు ఇంజను శక్తి కేవలం 20 హార్స్‌పవర్. అయినప్పటికీ కారు నడపడంలోని ఆనందం ఇంజను శక్తి మీద మాత్రమే ఆధారపడి ఉండదని ఆ చిన్న కారు నిరూపించింది.

ఎం.జి. సంస్థను తీర్చిదిద్దినది కింబర్ అయినా దాని యజమాని అతడు కాదు. యజమాని విలియం మారిస్ (తరువాతి కాలంలో లార్డ్ నఫీల్డ్). ఇరవై సంవత్సరాల సేవ తరువాత 1941లో కింబర్ ఆ సంస్థ నుండి బలవంతంగా వైదొలగవలసి వచ్చింది. 1945లో లండన్‌లో జరిగిన ఒక రైలు ప్రమాదంలో మరణించాడు. అతడు రూపొందించిన తరహా కారు అమెరికాకు చేరి పేరు తెచ్చుకొన్నది ఆ తరువాతనే.

బాల్యం, యౌవనం

కింబర్ 1888 ఏప్రిల్ 12న దక్షిణ లండన్‌లో జన్మించాడు. తండ్రి హెన్రీ కింబర్ ముద్రణ రంగానికి చెందిన ఇంజనీరు. కుటుంబం ఉత్తర ఇంగ్లాండుకు తరలిపోవడంతో కింబర్ స్టాక్‌పోర్ట్ గ్రామర్ స్కూలులో చదువుకొన్నాడు. చదువు ముగిసిన తరువాత తండ్రి నడిపే ముద్రణ సిరా వ్యాపారంలో చేరాడు.

యౌవనంలో అతనికి మోటారు సైకిళ్ళ మీద మక్కువ ఎక్కువ. ఒక మిత్రుని మోటారు సైకిల్ నడుపుతుండగా జరిగిన ప్రమాదంలో కుడికాలు తీవ్రంగా దెబ్బతిన్నది. ఆ కాలు జీవితాంతం కొంత పొట్టిగానే ఉండిపోయింది. మోటారు సైకిల్ నడపడం కష్టమైన తరువాత 1913లో అతడు 10 హార్స్‌పవర్ సింగర్ కారును కొన్నాడు. ప్రమాదానికి లభించిన నష్టపరిహారాన్ని తన వ్యాపారంలో పెట్టమని తండ్రి కోరగా కింబర్ నిరాకరించాడనీ, ఆ కారణంగా తండ్రీకొడుకుల మధ్య సంబంధాలు తెగిపోయాయనీ జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఆ విధంగా ఒక చిన్న కారు అతని జీవితాన్ని మలుపు త్రిప్పింది.

1915లో కింబర్‌కు ఐరీన్ హంట్‌తో వివాహమైనది. వారికి ఇద్దరు కుమార్తెలు. ఐరీన్ దీర్ఘకాలం అనారోగ్యంతో బాధపడి 1938లో మరణించింది. అదే సంవత్సరంలో కింబర్ పునర్వివాహం చేసుకొన్నాడు.

తొలి ఉద్యోగాలు

1914లో కింబర్ షెఫీల్డ్-సింప్లెక్స్ అనే కార్ల సంస్థలో ముఖ్య రూపకర్తకు సహాయకునిగా చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏ.సి. కార్స్ సంస్థలోనూ, తరువాత కార్ల విడిభాగాలు తయారు చేసే ఇ.జి. రిగ్లీ సంస్థలోనూ పనిచేశాడు. రిగ్లీ సంస్థలో తాను కూడబెట్టిన సొమ్మును పెద్ద మొత్తంలో పెట్టుబడి పెట్టాడు. ఏంగస్-శాండర్సన్ అనే కారు ఉత్పత్తిలో భాగస్వామి అయిన రిగ్లీ సంస్థ తీవ్రంగా నష్టపోవడంతో ఆ సొమ్మంతా పోయింది. 1923లో రిగ్లీ ఆస్తులను విలియం మారిస్ కొనుగోలు చేశాడు. అప్పటికే కింబర్ మారిస్ వద్ద ఉద్యోగంలో చేరి ఉన్నాడు.

మారిస్ గ్యారేజెస్

విలియం మారిస్ ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్ళ మరమ్మతుతో జీవితం ప్రారంభించి బ్రిటన్‌లోనే అతిపెద్ద కార్ల తయారీదారులలో ఒకడుగా ఎదిగాడు. కార్ల కర్మాగారంతో సంబంధం లేకుండా అతనికి ఆక్స్‌ఫర్డ్‌లో మారిస్ గ్యారేజెస్ అనే విక్రయ, మరమ్మతుల వ్యాపారం కూడా ఉండేది. 1921లో కింబర్ అందులో సేల్స్ మేనేజరుగా చేరి 1922లో జనరల్ మేనేజరు అయ్యాడు.

ఆ కాలంలో కారు ఛాసిస్ ఒకచోట, బాడీ మరొకచోట తయారు కావడం సర్వసాధారణం. కింబర్ ఈ పద్ధతిని తనకు అనుకూలంగా మలచుకొన్నాడు. మారిస్ కౌలీ వంటి సాదా కార్ల ఛాసిస్‌లను తీసుకొని, స్ప్రింగులను, స్టీరింగును సరిచేసి, కారు ఎత్తును తగ్గించి, వాటిపై అందమైన తేలికపాటి బాడీలు కట్టించి అమ్మసాగాడు. 1923లో రావర్త్ అనే సంస్థ చేత ఆరు రెండు సీట్ల బాడీలు కట్టించాడు. తాను రూపొందించిన కారును అదే సంవత్సరం లండన్ - లాండ్స్ ఎండ్ ట్రయల్ అనే దూరప్రయాణ పోటీలో స్వయంగా నడిపి బంగారు పతకం సాధించాడు.

మారిస్ గ్యారేజెస్ అనే పేరులోని రెండు మొదటి అక్షరాల నుండే ఎం.జి. అనే పేరు వచ్చింది. ఎనిమిది భుజాల చట్రంలో ఆ రెండు అక్షరాలను ఇమిడ్చిన చిహ్నం 1924లో నమోదైనది. ఆ అష్టభుజి కింబర్‌కు ఎంతో ప్రీతిపాత్రం. కార్లలోని పలు చిన్న భాగాలకు కూడా ఎనిమిది భుజాల ఆకారమే ఇచ్చేవారు.

ఓల్డ్ నంబర్ వన్

1925 ఈస్టర్ సందర్భంగా జరిగే లాండ్స్ ఎండ్ ట్రయల్ కొరకు కింబర్ ఒక ప్రత్యేకమైన కారును తయారు చేయించాడు. మారిస్ కౌలీ ఛాసిస్‌ను బాగా మార్చి, సుమారు ఒకటిన్నర లీటర్ల ఇంజనును అమర్చి, సన్నని రెండు సీట్ల బాడీని కట్టారు. దీనికి సుమారు 285 పౌండ్లు ఖర్చయింది. పోటీలో కింబర్‌కు బంగారు పతకం లభించింది. తరువాత ఆ కారును 300 పౌండ్లకు ఒక మిత్రునికి అమ్మివేశాడు. కొన్నేళ్ళ తరువాత పాడుబడిన స్థితిలో కనిపించిన ఆ కారును సంస్థ 15 పౌండ్లకు తిరిగి కొని బాగుచేయించింది. ఓల్డ్ నంబర్ వన్ అనే పేరుతో అది నేడు ఇంగ్లాండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియమ్‌కు చెంది ఉన్నది. పేరు అలా ఉన్నప్పటికీ ఇది మొట్టమొదటి ఎం.జి. కారు కాదు. ఇంతకు ముందే ఎం.జి. పేరుతో కార్లు అమ్ముడయ్యాయి. పోటీ కొరకే ప్రత్యేకంగా తయారైన తొలి ఎం.జి. మాత్రం ఇదే.

వ్యాపారం పెరగడంతో ఉత్పత్తి స్థలం 1925లో బెయింటన్ రోడ్డుకు, 1927లో ఎడ్మండ్ రోడ్డుకు మారింది. 1928లో ఎం.జి. కార్ కంపెనీ ఏర్పడినది. 1929లో ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన గల ఆబింగ్‌డన్ పట్టణంలో, పూర్వం తోళ్ళ పరిశ్రమకు చెందిన భవనాలలోకి సంస్థ తరలింది. 1930లో అది లిమిటెడ్ కంపెనీ అయినప్పుడు కింబర్ మేనేజింగ్ డైరెక్టరు అయ్యాడు.

ఎం.జి. మిడ్జెట్

1920లలో స్పోర్ట్స్ కారు అంటే పెద్ద ఇంజను, పెద్ద ధర. ఉదాహరణకు నాలుగున్నర లీటర్ల బెంట్లీ కారుకు బాడీ లేకుండా ఛాసిస్ ధరే 1,050 పౌండ్లు ఉండేది. దాని ఇంజను సుమారు 110 హార్స్‌పవర్ శక్తినిచ్చేది. దీనికి తోడు 1921 నుండి బ్రిటన్‌లో కార్ల వార్షిక పన్నును ఒక్కో హార్స్‌పవర్‌కు ఒక పౌండు చొప్పున విధించేవారు. పన్ను కొరకు లెక్కించే ఈ హార్స్‌పవర్ ఇంజను యొక్క నిజమైన శక్తి కాదు. సిలిండర్ల సంఖ్య, వ్యాసం ఆధారంగా ఒక సూత్రం ప్రకారం దానిని నిర్ణయించేవారు. ఈ లెక్కన ఆ బెంట్లీకి ఏటా సుమారు 25 పౌండ్ల పన్ను పడితే, చిన్న ఇంజను కారుకు 8 పౌండ్లతో సరిపోయేది. కాబట్టి సామాన్యుని కారుకు చిన్న ఇంజను తప్పనిసరి.

1927లో మారిస్ వుల్జ్లీ సంస్థను కొన్నాడు. వుల్జ్లీ రూపొందించిన 847 సి.సి. ఇంజనుతో 1928లో మారిస్ మైనర్ అనే చవక కారు సిద్ధమైనది. వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టు ఇంజను పైభాగంలోనే ఉండటం ఆ ఇంజను విశేషం. అంత చవక కారులో అటువంటి ఇంజను అరుదు. ఆ ఛాసిస్‌లో స్పోర్ట్స్ కారు దాగి ఉన్నదని కింబర్ గ్రహించాడు. స్ప్రింగులను క్రిందికి దించి, స్టీరింగును వాల్చి, కర్ర చట్రానికి గుడ్డ తొడిగిన తేలికైన బాడీని కట్టించాడు. ఆ బాడీ వెనుకభాగం పడవ కొనవలె సన్నగా ఉండేది. 1928 అక్టోబరులో లండన్‌లోని ఒలింపియా మోటారు ప్రదర్శనలో దీనిని ఎం.జి. మిడ్జెట్ (ఎం-టైప్) అనే పేరుతో ప్రదర్శించారు. ధర 175 పౌండ్లు.

దీని ఇంజను శక్తి 20 హార్స్‌పవర్, గేర్లు మూడు, గరిష్ఠ వేగం గంటకు సుమారు 65 మైళ్ళు (సుమారు 105 కిలోమీటర్లు). బరువు సుమారు 500 కిలోలు మాత్రమే. అదే ప్రదర్శనలో కింబర్ ఆరు సిలిండర్ల పెద్ద కారును కూడా ఉంచాడు. కానీ సంస్థకు భవిష్యత్తునిచ్చినది చిన్న కారే. 1932 వరకు 3,200కు పైగా ఎం-టైప్ కార్లు తయారయ్యాయి. అంతకుముందు ఏ ఎం.జి. కారు కూడా ఆ సంఖ్యకు దరిదాపులలోకి రాలేదు.

1932లో వచ్చిన జె2 మిడ్జెట్ ధర 199 పౌండ్ల 10 షిల్లింగులు. మోచేయి బయటకు ఆనేటట్లు పల్లంగా కోసిన తలుపులు, ముందుకు మడిచే అద్దం, వెనుక నిలువుగా నిలబెట్టిన పెట్రోలు ట్యాంకు, దానికి ఆనించిన అదనపు చక్రం ఈ కారు లక్షణాలు. తరువాత ఇరవై ఏళ్ళకు పైగా బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కారు అనగానే జనానికి గుర్తుకు వచ్చిన రూపం ఇదే.

పందెములు

చిన్న కార్లు అమ్ముడుపోవాలంటే అవి బొమ్మ కార్లు కావని నిరూపించవలసి ఉన్నది. ఇందుకు కింబర్ పందెములను సాధనంగా చేసుకొన్నాడు. 1930లో బ్రూక్‌లాండ్స్ పందెపు మార్గంపై జరిగిన డబుల్ ట్వెల్వ్ పందెంలో (రాత్రి పూట పందెములకు అనుమతి లేనందున రెండు పగళ్ళలో పన్నెండేసి గంటల చొప్పున జరిగేది) ఎం-టైప్ కార్లు జట్టు బహుమతి గెలుచుకొన్నాయి. 1931 ఫిబ్రవరి 16న ప్యారిస్ సమీపంలోని మాంట్లేరీలో జార్జ్ ఐస్టన్ ఎం.జి. కారులో గంటకు 103 మైళ్ళ వేగాన్ని అందుకొన్నాడు. 750 సి.సి. తరగతిలో వంద మైళ్ళ వేగాన్ని దాటడం అదే ప్రథమం. అదే ఏడాది డబుల్ ట్వెల్వ్ పందెంలో 746 సి.సి. ఎం.జి. కార్లు మొదటి ఐదు స్థానాలూ దక్కించుకొన్నాయి.

1933లో ఇటలీలోని మిల్లె మిలియా పందెంలో కె3 అనే ఎం.జి. కార్లు 1100 సి.సి. తరగతిలో గెలిచి జట్టు బహుమతిని కూడా పొందాయి. అదే సంవత్సరం ఉత్తర ఐర్లండులో జరిగిన టూరిస్ట్ ట్రోఫీ పందెంలో సుప్రసిద్ధ ఇటాలియన్ చోదకుడు టాజియో నువొలారి కె3 కారుతో విజయం సాధించాడు. 1939లో గోల్డీ గార్డ్‌నర్ జర్మనీలోని డెస్సౌ వద్ద 1100 సి.సి. ఎం.జి. కారులో గంటకు 200 మైళ్ళకు పైగా వేగాన్ని నమోదు చేశాడు.

అయితే ఈ కీర్తికి మూల్యం కూడా అధికమే. కె3 కార్లు మొత్తం 33, ఆర్-టైప్ కార్లు 10 మాత్రమే తయారయ్యాయి. కొద్ది సంఖ్యలో అనేక నమూనాలను ఉత్పత్తి చేయడం సంస్థ ఆర్థిక స్థితికి భారమైనది.

స్వాతంత్ర్యం కోల్పోవుట

అప్పటివరకు ఎం.జి. సంస్థ మారిస్ సొంత ఆస్తిగా ఉండేది. కింబర్ దానిని దాదాపు స్వతంత్రంగా నడిపేవాడు. 1935లో లార్డ్ నఫీల్డ్ తన సంస్థలను పునర్వ్యవస్థీకరిస్తూ ఎం.జి.ని మారిస్ మోటార్స్‌కు అమ్మివేశాడు. మారిస్ మోటార్స్ అధిపతి లియొనార్డ్ లార్డ్ ఎం.జి. పందెపు విభాగాన్ని మూసివేశాడు. కార్ల రూపకల్పన ఆబింగ్‌డన్ నుండి కౌలీకి మారింది. కింబర్ పదవిలో కొనసాగినా నిర్ణయాధికారం చాలావరకు చేజారింది.

1936లో వెలువడిన టి.ఎ. మిడ్జెట్‌లో పాత ఇంజనుకు బదులు మారిస్ కార్ల ఇంజను నుండి రూపొందించిన సాదా 1292 సి.సి. ఇంజనును వాడారు. శక్తి సుమారు 50 హార్స్‌పవర్, ధర 222 పౌండ్లు. పాత అభిమానులు మొదట పెదవి విరిచారు. కానీ లోపల జాగా, హైడ్రాలిక్ బ్రేకులు, సులభమైన మరమ్మతు కారణంగా సుమారు 3,000 కార్లు అమ్ముడయ్యాయి. 1939లో 1250 సి.సి. ఇంజనుతో టి.బి. వచ్చింది. 379 కార్లు తయారయ్యేసరికి రెండవ ప్రపంచ యుద్ధం మొదలై కార్ల ఉత్పత్తి ఆగిపోయింది.

ఉద్వాసన

యుద్ధం మొదలైన తరువాత ఆబింగ్‌డన్ కర్మాగారానికి తగినంత పని లేకుండా పోయింది. కింబర్ తానే పూనుకొని ఆల్బెమార్ల్ అనే బాంబరు విమానం ముందుభాగాలను తయారు చేసే పనిని సంపాదించాడు. పై అధికారుల అనుమతి లేకుండా ఈ పని ఒప్పుకొన్నాడన్న కారణంతో 1941 నవంబరులో నఫీల్డ్ సంస్థల ఉపాధ్యక్షుడు మైల్స్ థామస్ అతనిని రాజీనామా చేయవలసిందిగా కోరాడు. తన ఇష్టానుసారం నడుచుకొనే కింబర్ పద్ధతి కేంద్రీకృతమైన పెద్ద సంస్థకు సరిపడకపోవడమే అసలు కారణమని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

కార్ల బాడీలు కట్టే చార్ల్స్‌వర్త్ సంస్థలోనూ, తరువాత పిస్టన్లు తయారు చేసే స్పెషలాయిడ్ సంస్థలోనూ కింబర్ పనిచేశాడు.

మరణం

1945 ఫిబ్రవరి 4న కింబర్ లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషనులో సాయంత్రం 6 గంటలకు లీడ్స్ వైపు బయలుదేరే రైలు ఎక్కాడు. స్టేషను దాటగానే ఉన్న గ్యాస్‌వర్క్స్ సొరంగంలో ఎగువ వాలుపై, కొత్తగా వేసిన పట్టాల మీద ఇంజను చక్రాలు జారి రైలు ఆగిపోయింది. చీకటిలో రైలు వెనుకకు జారుతున్న సంగతి డ్రైవరుకు తెలియలేదు. వెనుకకు వస్తున్న రైలును ఖాళీగా ఉన్న ప్లాట్‌ఫారం వైపు మళ్ళించడానికి సిగ్నల్‌మన్ ప్రయత్నించగా చివరి పెట్టె పట్టాలు తప్పి సిగ్నల్ స్తంభాల చట్రానికి గుద్దుకొన్నది. మరణించిన ఇద్దరు ప్రయాణికులలో కింబర్ ఒకడు. అప్పటికి అతని వయస్సు 56 సంవత్సరాలు. వేగంతో జీవితమంతా ముడిపడిన వ్యక్తి నెమ్మదిగా వెనుకకు జారిన రైలులో మరణించడం విధి వైపరీత్యమని అభిమానులు తలుస్తారు.

మరణానంతరం - టి.సి. మిడ్జెట్

కింబర్ మరణించిన కొద్ది నెలలకు, 1945 శరదృతువులో, ఎం.జి. సంస్థ టి.సి. మిడ్జెట్‌ను విడుదల చేసింది. ఇది యుద్ధానికి ముందరి టి.బి. కారునే కాస్త వెడల్పు చేసి తయారు చేసినది. శక్తి 54 హార్స్‌పవర్. 1949 వరకు సుమారు 10,000 టి.సి. కార్లు తయారు కాగా వాటిలో సగానికి పైగా ఎగుమతి అయ్యాయి. యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఉన్న అమెరికా సైనికులు ఈ తరహా కార్లకు ఆకర్షితులయ్యారు. అమెరికాకు చేరినవి సుమారు రెండు వేలు మాత్రమే. అవి కూడా కుడివైపు స్టీరింగు కార్లే. అయినా అక్కడ స్పోర్ట్స్ కార్ల సంస్కృతికి బీజం వేసిన వాటిలో టి.సి. అగ్రస్థానంలో నిలిచింది. 1961లో ప్రపంచ విజేత అయిన ఫిల్ హిల్ తొలినాళ్ళలో టి.సి. కారుతో పందెములలో పాల్గొన్నాడు. కోబ్రా కార్ల సృష్టికర్త కారొల్ షెల్బీ 1952లో తన మొదటి రోడ్ రేసులో నడిపినది కూడా టి.సి. కారే.

తరువాత ఎం.జి.ఎ. (1955-62) లక్షకు పైగా, ఎం.జి.బి. (1962-80) ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1958లో వచ్చిన 43 హార్స్‌పవర్ ఆస్టిన్-హీలీ స్ప్రైట్, 1989లో వచ్చిన జపాను కారు మజ్దా ఎం.ఎక్స్-5 కూడా తేలికైన, చవకైన, రెండు సీట్ల కారు అనే భావనను కొనసాగించినవే.

చిన్న స్పోర్ట్స్ కార్ల ఆకర్షణ

కింబర్ కాలం నాటి కార్లు, వాటి వారసులు పాత కార్ల అభిమానులను నేటికీ ఆకర్షిస్తున్నాయి. సాధారణ కుటుంబ కారు సైతం వీటికంటే వేగంగా పోగల ఈ రోజులలో ఇది విచిత్రంగా కనిపించవచ్చు. ఇందుకు ముఖ్యమైన కారణాలు ఇవి:

వేగానుభూతి: నేలకు దగ్గరగా, పైకప్పు లేకుండా, చిన్న అద్దం వెనుక కూర్చొన్న వారికి గంటకు 80 కిలోమీటర్ల వేగం కూడా చాలా ఎక్కువగా అనిపిస్తుంది.

పూర్తి శక్తి వినియోగం: 300 హార్స్‌పవర్ కారు శక్తిలో అధికభాగాన్ని మామూలు రోడ్డుపై వాడుకొనే అవకాశం ఉండదు. 50 హార్స్‌పవర్ కారులో ప్రతి గేరునూ చివరికంటా వాడవచ్చు. శక్తి తక్కువ కాబట్టి మలుపులలో వేగాన్ని నిలుపుకోవడం, సమయానికి గేరు మార్చడం చోదకుని నేర్పుకు పరీక్షగా నిలుస్తాయి.

తేలికదనం: బరువు తక్కువైనప్పుడు చిన్న ఇంజను, సన్నని టైర్లు సరిపోతాయి. స్టీరింగు ద్వారా రోడ్డు స్పర్శ చేతికి తెలుస్తుంది.

సరళత: వీటి యంత్రభాగాలు సాధారణ కార్ల నుండి తీసుకొన్నవి. మామూలు పనిముట్లతో యజమాని తానే మరమ్మతు చేసుకోగలడు. ఎం.జి.బి. వంటి కార్లు లక్షల సంఖ్యలో తయారైనందున వాటి ధరలు అదే కాలపు పెద్ద స్పోర్ట్స్ కార్ల ధరలతో పోలిస్తే చాలా తక్కువ.

వీటికి లోపాలూ లేకపోలేదు. యుద్ధపూర్వపు మిడ్జెట్ కార్ల స్ప్రింగులు బిరుసు, గుడ్డ కప్పు వానను పూర్తిగా ఆపలేదు, ఎం-టైప్ బ్రేకులు తీగలతో పనిచేసేవి. సీటు బెల్టుల వంటి ఆధునిక రక్షణ ఏర్పాట్లు వాటిలో లేవు.

అంచనా

కింబర్ విశ్వవిద్యాలయంలో చదివిన ఇంజనీరు కాడు. ఎం.జి. కార్ల సాంకేతిక రూపకల్పనలో హెచ్.ఎన్. చార్ల్స్, సిసిల్ కజిన్స్, సిడ్ ఎనెవర్ వంటి వారి పాత్ర పెద్దది. కింబర్ ప్రతిభ ప్రధానంగా మూడు విషయాలలో కనిపిస్తుంది. కారు ఆకృతిలోని అందాన్ని గుర్తించే చూపు, తగినవారిని ఎంచుకొని పని చేయించుకొనే నేర్పు, కొనుగోలుదారుని మనసు ఎరగడం. సాదా కారు భాగాలతోనే మనసుకు నచ్చే కారును నిర్మించవచ్చునన్న అతని పద్ధతిని తరువాత అనేక సంస్థలు అనుసరించాయి. పందెములపై అతని వ్యామోహం సంస్థకు నష్టం కలిగించిందన్న విమర్శ కూడా ఉన్నది. అయితే ఆ విజయాలు లేకుంటే ఒక చిన్న, చవక కారుకు అంతటి గౌరవం దక్కేది కాదు.

స్మృతి

1930లో స్థాపించబడిన ఎం.జి. కార్ క్లబ్ ఆబింగ్‌డన్‌లోని తన ప్రధాన కార్యాలయానికి కింబర్ హౌస్ అని పేరు పెట్టింది. ఆబింగ్‌డన్ కర్మాగారం 1980లో మూతపడింది. పలు చేతులు మారిన ఎం.జి. పేరు ఇరవై ఒకటవ శతాబ్దంలో చైనాకు చెందిన సాయిక్ సంస్థ అధీనంలోకి వెళ్ళింది. 2019లో ఈ పేరు భారతదేశంలోనూ హెక్టర్ అనే కారుతో అమ్మకాలు ప్రారంభించింది. ఎం.జి. పేరుతో వచ్చిన విద్యుత్ స్పోర్ట్స్ కారు సైబర్‌స్టర్ నమూనాలలో ఐదు వందల హార్స్‌పవర్‌కు మించినది కూడా ఉన్నది. ఆ పేరును లోకానికి తెలియజేసిన మొదటి మిడ్జెట్ శక్తికి అది పాతిక రెట్లు.